హార్ట్ ట్రాన్స్‌మిటర్ కమ్యూనికేటర్‌కి దొరకడం లేదా? ముందు లూప్ చూడండి

ప్రెషర్, లెవెల్, ఫ్లో లాంటివి కొలిచి కంట్రోల్ రూమ్‌కి పంపే పరికరం ట్రాన్స్‌మిటర్. దానితో తీగల మీద మాట్లాడే డిజిటల్ పద్ధతి హార్ట్ (HART), అలా మాట్లాడించే చేతి పరికరం కమ్యూనికేటర్. ట్యాగ్ (ప్లాంట్‌లో నంబర్ ఇచ్చిన ఆ పరికరం) దగ్గరికి వెళ్లి, కవర్ విప్పి, కమ్యూనికేటర్ క్లిప్పులు పెట్టి వెతికిస్తే "డివైస్ దొరకలేదు" అని వస్తుంది, కంట్రోల్ రూమ్‌లో మాత్రం రీడింగ్ మామూలుగానే కనిపిస్తుంటుంది. ఇక్కడే చాలామంది ట్రాన్స్‌మిటర్‌లో ఎలక్ట్రానిక్స్ పోయిందని తేల్చేసి స్టోర్స్‌కి ఇండెంట్ రాస్తారు. దయచేసి ఆగండి. ఇలాంటి కేసుల్లో ఎక్కువసార్లు తప్పు ట్రాన్స్‌మిటర్‌ది కాదు, దానికీ కంట్రోల్ రూమ్ వైపు సిగ్నల్ అందుకునే కార్డుకీ మధ్య ఉన్న లూప్‌ది, అంటే ఆ కరెంట్ తిరిగే దారిది. కొత్త పీస్ పెట్టినా అదే మెసేజ్ వస్తుంది, మంచి ట్రాన్స్‌మిటర్ ఒకటి అనవసరంగా స్క్రాప్‌లోకి పోతుంది. లూప్‌ని ఏ వరుసలో చూసుకుంటూ పోవాలో ఇక్కడ రాస్తున్నాను. రిఫైనరీ అయినా, పవర్ ప్లాంట్ అయినా, ఎరువుల ఫ్యాక్టరీ అయినా వరుస ఇదే.

రీడింగ్ బాగుండి కమ్యూనికేషన్ ఎందుకు పోతుందో ముందు అర్థం కావాలి. హార్ట్‌లో రెండు సిగ్నల్స్ ఒకే జత తీగల మీద వెళ్తాయి. మొదటిది మనకు తెలిసిన 4–20 మిల్లీ యాంప్ కరెంట్. రెండోది దాని మీద ఎక్కించిన చిన్న అల, కరెంట్‌ని అర మిల్లీ యాంప్ పైకీ అర మిల్లీ యాంప్ కిందికీ ఊపుతుంది. 1200 హెర్ట్జ్ అయితే ఒకటి, 2200 హెర్ట్జ్ అయితే సున్నా, వేగం సెకనుకు 1200 బిట్లు. ఆ ఊపు సగటు సున్నా కాబట్టి డీసీఎస్ (కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్ కంట్రోల్ సిస్టమ్) రీడింగ్ కదలదు. అందుకే రీడింగ్ బాగుంటే కమ్యూనికేషన్ కూడా బాగుండాలనే రూల్ లేదు. డీసీ కరెంట్‌ని ఏమీ చేయని లోపాలు ఆ చిన్న అలని మాత్రం పూర్తిగా మింగేయగలవు.

పని మొదలుపెట్టే ముందు పర్మిట్ తీసుకోండి, ఆపరేటర్‌తో మాట్లాడి లూప్‌ని మాన్యువల్‌లో పెట్టించండి, ఆ ట్యాగ్‌కి ట్రిప్ (మిషన్‌ని దానంతటదే ఆపేసే రక్షణ) ఉంటే బైపాస్ (దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టే అనుమతి) రాతపూర్వకంగా తీసుకోండి. క్లిప్పులు పెట్టడమే కదా అనుకోకండి, టెర్మినల్ స్క్రూ ఒకటి వదులై తీగ జారితే కార్డుకి కరెంట్ సున్నా అవుతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది. గ్యాస్ ఉండే ఏరియాలో కమ్యూనికేటర్ అయినా మల్టీమీటర్ అయినా ఆ జోన్‌కి సర్టిఫై చేసినదే వాడాలి. ఇందులో మొహమాటం పనికిరాదు, పక్కవాడు మామూలు మీటర్ తెస్తే వెనక్కి పంపేయండి.

అసలు అది హార్ట్ ట్రాన్స్‌మిటరేనా?

వినడానికి చిన్న ప్రశ్నలా ఉంటుంది కానీ పాత ప్లాంట్లలో ఇదే ముందు అడగాలి. యోకోగావా ఈజేఏ ట్రాన్స్‌మిటర్లు బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల కొన్ని యోకోగావా సొంత బ్రెయిన్ ప్రోటోకాల్‌వి, కొన్ని హార్ట్‌వి. నేమ్ ప్లేట్ మీద మోడల్ కోడ్‌లో అవుట్‌పుట్ అక్షరం చూడండి: డి ఉంటే బ్రెయిన్, ఇ గానీ జె గానీ ఉంటే హార్ట్. బ్రెయిన్ దానికి హార్ట్ కమ్యూనికేటర్ పెట్టి సాయంత్రం దాకా వెతికినా ఏమీ దొరకదు. హనీవెల్ పాత ఎస్‌టీ 3000 ల్లో డీఈ (హనీవెల్ సొంత డిజిటల్) మోడ్‌లో ఉన్నవీ అంతే. ప్లేట్ మీద రంగు పడి అక్షరాలు కనపడకపోతే ఇన్‌స్ట్రుమెంట్ డేటా షీట్ తీయించండి, ఊహించి చెప్పొద్దు.

250 ఓమ్‌లు ఎక్కడున్నాయి?

హార్ట్ అల కరెంట్ రూపంలో బయలుదేరుతుంది, కమ్యూనికేటర్ చదివేది మాత్రం వోల్టేజ్. కరెంట్ వోల్టేజ్‌గా మారాలంటే దారిలో రెసిస్టెన్స్ ఉండాలి. 250 ఓమ్ ఉంటే ఒక మిల్లీ యాంప్ ఊపుకి పావు వోల్టు వస్తుంది, అది చాలు. కనీసం 230 ఓమ్ లేకపోతే పవర్ సప్లై ఆ అలకి దాదాపు షార్ట్ సర్క్యూట్ లాంటిది, ఏమీ మిగలదు.

చాలా డీసీఎస్ ఇన్‌పుట్ కార్డుల్లో 250 ఓమ్ లోపలే ఉంటుంది, అందుకే దాని గురించి ఎవరూ ఆలోచించరు. కొన్ని పీఎల్‌సీ (మిషన్లని నడిపే కంట్రోలర్) కార్డుల్లో 50 ఓమో 100 ఓమో మాత్రమే ఉంటుంది. బెంచ్ మీద ట్రాన్స్‌మిటర్‌ని నేరుగా 24 వోల్టుల సప్లైకి కలిపి "మాట్లాడటం లేదు" అనేవాళ్లకి కారణం కూడా ఇదే, రెసిస్టర్ పెట్టలేదు. కార్డు మాన్యువల్‌లో ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఎంతో చూడండి, తక్కువైతే మార్షలింగ్ ప్యానెల్‌లో (ఫీల్డ్ కేబుళ్లు కార్డుల తీగలతో కలిసే చోట) సిరీస్‌లో 250 ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. నడుస్తున్న లూప్‌లో అది పెట్టాలంటే లూప్ తెంచాల్సిందే కాబట్టి షట్‌డౌన్‌లో గానీ, బైపాస్ చేతిలో పెట్టుకుని గానీ చేయండి.

క్లిప్పులు ఎక్కడ పెడుతున్నారన్నదీ ఇందులో భాగమే. ట్రాన్స్‌మిటర్ ప్లస్, మైనస్ టెర్మినల్స్ మీద పెట్టొచ్చు, లేదా రెసిస్టర్ రెండు చివరల మీద పెట్టొచ్చు. పవర్ సప్లై ప్లస్, మైనస్ మీద పెడితే పని చేయదు. కమ్యూనికేటర్ తీగలకి పోలారిటీ లేదు, ఎటు పెట్టినా ఒకటే. రోజ్‌మౌంట్ లాంటి ట్రాన్స్‌మిటర్లలో పక్కన "టెస్ట్" అని ఇంకో టెర్మినల్ ఉంటుంది, అది మిల్లీ యాంప్ చూసుకోవడానికి. పవర్ తీగని పొరపాటున దాని మీద బిగిస్తే లోపలి డయోడ్ పోతుంది.

కంట్రోల్ వాల్వ్ పొజిషనర్ (వాల్వ్ ఎంత తెరవాలో చూసే పరికరం) సంగతి వేరు, అది అవుట్‌పుట్ కార్డు వైపు లూప్. కరెంట్ సోర్స్ కాబట్టి అక్కడ మామూలుగా 250 ఓమ్ అవసరం పడదు, కార్డు అలని మింగేస్తుంటే హార్ట్ ఫిల్టర్ పెట్టాలి.

టెర్మినల్ మీద వోల్టేజ్: ఇక్కడ టైమ్ పెట్టండి

నా లెక్కలో అన్నింటికంటే ఎక్కువ కేసులు తేలేది ఇక్కడే. మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్‌లో పెట్టి ట్రాన్స్‌మిటర్ టెర్మినల్స్ మీద చూడండి. చూసేటప్పుడు ఆ క్షణంలో లూప్ కరెంట్ ఎంత ఉందో కూడా పక్కన రాసుకోండి, ఎందుకంటే కరెంట్ తెలియకుండా వోల్టేజ్ ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు.

ఒక లెక్క వేద్దాం. ప్యానెల్‌లో సప్లై 24 అని రాసి ఉంటుంది, రెండు సప్లైలు డయోడ్ల ద్వారా కలిసి, లోడ్ పెరిగి, చివరికి ఈ లూప్‌కి అందేది 21.8 వోల్టులు అనుకోండి. కార్డు 250 ఓమ్, జీనర్ బ్యారియర్ (గ్యాస్ ఏరియాకి వెళ్లే కరెంట్‌ని పరిమితం చేసే రక్షణ పరికరం) సుమారు 300 ఓమ్, ఒక కిలోమీటర్ 1.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ రానూపోనూ 25 ఓమ్. మొత్తం 575. ట్యాంక్ ఖాళీగా 4 మిల్లీ యాంప్ దగ్గర ఉంటే దారిలో పోయేది 2.3 వోల్టులే, ట్రాన్స్‌మిటర్‌కి 19.5 దొరుకుతుంది, అంతా హాయిగా ఉంటుంది. అదే ట్యాంక్ నిండి 20 మిల్లీ యాంప్ కావాలంటే దారిలో 11.5 వోల్టులు పోతాయి, మిగిలేది 10.3. రోజ్‌మౌంట్ 3051 కి గానీ ఈజేఏకి గానీ కనీసం 10.5 వోల్టులు కావాలి. అంటే కరెంట్ 19.65 దాకా వచ్చి అక్కడే ఆగుతుంది, డీసీఎస్‌లో రీడింగ్ 98 శాతం దగ్గర అతుక్కుపోతుంది, కమ్యూనికేటర్ ఆ టైమ్‌లో పెడితే తెగిపోతూ ఉంటుంది. మర్నాడు లెవెల్ తగ్గాక మీరు వెళ్లి చూస్తే అన్నీ బాగుంటాయి, ఆపరేటర్ అబద్ధం చెబుతున్నాడని అనిపిస్తుంది. అతను చెప్పింది నిజమే. "లెవెల్ ఎక్కువ ఉన్నప్పుడే పోతోంది", "ఫ్లో పెరిగితేనే పోతోంది" అని ఎవరైనా అంటే ఇక వేరే ఏమీ చూడకుండా నేరుగా వోల్టేజ్ లెక్క వేయండి.

3051 కి తయారీదారు ఇచ్చే సూత్రం గుర్తుపెట్టుకోవడం తేలిక: సప్లై వోల్టేజ్ లోంచి 10.5 తీసేసి 43.5 తో గుణిస్తే, లూప్‌లో గరిష్ఠంగా ఎన్ని ఓమ్‌లు ఉండొచ్చో వస్తుంది. పూర్తి 24 వోల్టులకి 587. పై లెక్కలో సప్లై 21.8 కాబట్టి పరిమితి 491, మన లూప్ 575. చేయాల్సింది కూడా కనిపిస్తూనే ఉంది: సప్లైని సరిచేయాలి, లేదా బ్యారియర్ బదులు తన సొంత పవర్ ఇచ్చే గాల్వానిక్ ఐసోలేటర్ (రెండు వైపుల తీగల్ని విడదీసి సిగ్నల్‌ని మాత్రం దాటించే పరికరం) పెట్టాలి. ట్రాన్స్‌మిటర్ మార్చడం వల్ల ఒక్క ఓమ్ కూడా తగ్గదు.

లూప్ మధ్యలో ఎవరెవరు కూర్చున్నారు?

డ్రాయింగ్ తీసి చూడండి, డ్రాయింగ్‌తో ఆగకుండా ప్యానెల్‌లో కళ్లతో కూడా చూడండి, ఎందుకంటే ఎప్పుడో ఎవరో పెట్టిన లోకల్ ఇండికేటరో రికార్డరో డ్రాయింగ్‌లో ఉండదు. ఐసోలేటర్ ఉంటే అది హార్ట్‌ని దాటనిస్తుందా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. పాత మోడల్స్ కొన్ని డీసీని మాత్రమే పంపిస్తాయి. ఇది పట్టుకోవడం సులువు: ఫీల్డ్ వైపు టెర్మినల్స్ మీద కమ్యూనికేటర్ మాట్లాడుతుంది, డీసీఎస్ వైపు టెర్మినల్స్ మీద మాట్లాడదు, రీడింగ్ రెండు వైపులా బాగుంటుంది. అలా ఉంటే తప్పు ఆ ఐసోలేటర్‌దే. సర్జ్ ప్రొటెక్టర్లు, ఇన్‌పుట్‌లో కెపాసిటర్ ఉన్న ఇండికేటర్లు కూడా ఇలాగే అలని తాగేస్తాయి.

ఈ పద్ధతినే మొత్తం లూప్‌కి వాడుకోవచ్చు. ట్రాన్స్‌మిటర్ దగ్గర, జంక్షన్ బాక్స్‌లో, మార్షలింగ్‌లో ఒక్కొక్క చోటా క్లిప్పులు పెట్టి చూడండి, ఏ తీగా విప్పక్కర్లేదు. ఎక్కడి వరకు దొరుకుతోందో, ఎక్కడి నుంచి దొరకడం లేదో చూస్తే సమస్య ఆ రెండింటి మధ్యలో ఉంటుంది. మధ్యలో ఉన్న జంక్షన్ బాక్స్‌తో మొదలుపెడితే సగం నడక తగ్గుతుంది.

నీళ్లు, షీల్డ్, కేబుల్

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి తగిలే చోట్ల వాన తర్వాత వచ్చే కంప్లైంట్లకి ముందు జంక్షన్ బాక్స్ తెరవండి. గ్లాండ్ సరిగ్గా బిగించకపోయినా, వాడని హోల్‌కి ప్లగ్ పెట్టకపోయినా తేమ లోపలికి చేరి టెర్మినల్స్ మీద పచ్చగా చిలుము పడుతుంది. గల్ఫ్‌లో జుబైల్ వైపు పని చేసే మనవాళ్లకి కూడా ఇది కొత్త కాదు, అక్కడ వాన లేకపోయినా రాత్రి పూట ఉప్పు తేమ సరిపోతుంది.

దీనికి ఒక మంచి పరీక్ష ఉంది. ట్రాన్స్‌మిటర్ టెస్ట్ టెర్మినల్స్ దగ్గర మిల్లీ యాంప్ చూడండి, అదే టైమ్‌లో ప్యానెల్ దగ్గర ఇంకొకరు చూడాలి. ట్రాన్స్‌మిటర్ 12.00 పంపుతుంటే ప్యానెల్‌లో 12.40 వస్తోందనుకోండి, ఆ 0.4 ట్రాన్స్‌మిటర్ గుండా వెళ్లడం లేదు, తడిసిన టెర్మినల్ మీదుగా ప్లస్ నుంచి మైనస్‌కి కారుతోంది. లోకల్ డిస్‌ప్లేలో 50 శాతం, డీసీఎస్‌లో 52.5 శాతం అంటే ఇదే. రేంజ్ తేడా ఉన్నా ఇలాంటి తేడా వస్తుంది కాబట్టి రెండు చోట్లా రేంజ్ ఒకటే ఉందో లేదో కూడా చూసుకోండి. ఈ తేడా కనపడగానే కొందరు ట్రాన్స్‌మిటర్‌కి ట్రిమ్ (అవుట్‌పుట్ సర్దుబాటు) చేసేస్తారు, అది మహా తప్పు. బాక్స్ ఎండిపోయాక రీడింగ్ ఇంకో వైపుకి తప్పుతుంది.

మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్‌తో కేబుల్ ఇన్సులేషన్ చూసే మీటర్) వేయాలనిపిస్తే రెండు చివరలా కేబుల్ పూర్తిగా విప్పాకే వేయండి. 500 వోల్టులు ట్రాన్స్‌మిటర్‌లోకో కార్డులోకో వెళ్తే అప్పటిదాకా లేని ఖర్చు నిజంగానే వస్తుంది.

కేబుల్ షీల్డ్ (నాయిస్ రాకుండా తీగల చుట్టూ ఉండే లోహపు పొర) ఒక వైపే ఎర్త్ అవ్వాలి, మామూలుగా ప్యానెల్ వైపు. ఫీల్డ్‌లో దాన్ని కత్తిరించి టేప్ చుట్టి వదిలేయాలి. రెండు వైపులా ఎర్త్ అయిందేమో తెలియాలంటే ప్యానెల్‌లో షీల్డ్ విప్పి, ఆ విప్పిన షీల్డ్‌కీ ఎర్త్‌కీ మధ్య కంటిన్యుయిటీ చూడండి. మోగితే ఫీల్డ్‌లో ఎక్కడో తగులుతోందన్నమాట. జంక్షన్ బాక్స్‌లో మెయిన్ కేబుల్ షీల్డ్‌కి, ట్రాన్స్‌మిటర్ కేబుల్ షీల్డ్‌కి జాయింట్ అసలు వేయకుండా వదిలేసిన చోట్లూ చాలా కనిపిస్తాయి.

పొడవు విషయానికొస్తే, లూప్ రెసిస్టెన్స్‌నీ మొత్తం కెపాసిటెన్స్‌నీ గుణిస్తే 65 మైక్రో సెకన్లు దాటకూడదు. 250 ఓమ్‌కి అది 0.26 మైక్రో ఫ్యారడ్. కేబుల్ మీటర్‌కి 200 పికో ఫ్యారడ్ ఉంటే 1300 మీటర్లకే అయిపోతుంది, పరికరాల సొంత కెపాసిటెన్స్ కలిపితే ఇంకా ముందే. రెసిస్టెన్స్ ఎక్కువ పెడితే సిగ్నల్ ఎక్కువ వస్తుందని 600 ఓమ్ పెట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) కేబుల్ పక్కనే ఒకే ట్రేలో సిగ్నల్ కేబుల్ వేస్తే మోటార్ తిరిగినప్పుడు మాత్రమే కమ్యూనికేషన్ పోతుంది. డ్రైవ్ ఆపించి చూడటమే దీనికి పరీక్ష. పవర్ సప్లై రొద కూడా చూడాలి: 100 హెర్ట్జ్ దగ్గర రిపుల్ 0.2 వోల్టు పీక్ టు పీక్ దాటకూడదు, హార్ట్ పనిచేసే 500 హెర్ట్జ్ నుంచి 10 కిలో హెర్ట్జ్ మధ్య అయితే 1.2 మిల్లీ వోల్టులే పరిమితి. మామూలు మల్టీమీటర్లు చాలావరకు ఏసీలో కొన్ని వందల హెర్ట్జ్ దాకే సరిగ్గా చూపిస్తాయి, కాబట్టి వాటితో చూసి "నాయిస్ లేదు" అనేయకండి, చిన్న ఆసిలోస్కోప్ తెప్పించండి.

తీగలు బాగున్నాయి, అయినా దొరకడం లేదు

అప్పుడు సెట్టింగ్స్ వైపు రండి. పోలింగ్ అడ్రస్ (హార్ట్‌లో పరికరానికి ఇచ్చే నంబర్) సున్నా కాకుండా ఇంకేదో ఉంటే, సున్నా దగ్గరే వెతికే కమ్యూనికేటర్‌కి అది కనపడదు. హార్ట్ 5 పరికరంలో అడ్రస్ 1 నుంచి 15 లోపు పెడితే కరెంట్ కూడా 4 దగ్గర ఆగిపోతుంది, అంటే లోకల్ డిస్‌ప్లేలో ప్రెషర్ కదులుతుంటుంది, డీసీఎస్‌లో సున్నా శాతం కదలదు. ఈ రెండూ కలిసి కనిపిస్తే కమ్యూనికేటర్‌లో పోలింగ్ 0 నుంచి 15 వరకు వెతికేలా పెట్టండి, హార్ట్ 6, 7 లకి 63 వరకు.

ఒక లూప్ మీద ఇద్దరే మాస్టర్లు (ట్రాన్స్‌మిటర్‌ని ప్రశ్న అడిగేవి) ఉండొచ్చు: డీసీఎస్ లేదా అసెట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఒకటి, చేతి కమ్యూనికేటర్ రెండోది. ఫీల్డ్‌లో మీరు, మార్షలింగ్‌లో మీ ఫ్రెండ్ ఒకేసారి చెరొక కమ్యూనికేటర్ పెడితే ఇద్దరూ రెండో మాస్టర్లే అవుతారు, ఎవరికీ సరిగ్గా దొరకదు. ఫోన్ చేసి ఒకరిని తీయమనండి.

"దొరికింది, కానీ మెనూ అంతా రావడం లేదు, నాలుగైదు ఐటమ్సే కనిపిస్తున్నాయి" అంటే అది కమ్యూనికేషన్ సమస్య కాదు. ఆ మోడల్‌కి, ఆ రివిజన్‌కి సంబంధించిన డివైస్ డిస్క్రిప్షన్ ఫైల్ మీ కమ్యూనికేటర్‌లో లేదు, అందుకే జెనరిక్ మెనూ చూపిస్తోంది. తయారీదారు సైట్ నుంచో హార్ట్ ప్రమాణాన్ని చూసే ఫీల్డ్‌కామ్ గ్రూప్ లైబ్రరీ నుంచో అప్‌డేట్ చేయిస్తే సరిపోతుంది. హార్ట్ 5 ట్రాన్స్‌మిటర్ బదులు కొత్త హార్ట్ 7 ది పెట్టాక డీసీఎస్‌లో "మిస్‌మ్యాచ్" రావడమూ ఇదే కుటుంబం. కొన్ని కొత్త మోడల్స్‌ని హార్ట్ 5 లాగా పనిచేసేలా మార్చుకోవచ్చు, పాత సిస్టమ్ ఉన్నచోట అది చాలా ఉపయోగం. చదువుతుంది కానీ ఏదీ రాయనివ్వదు అంటే రైట్ ప్రొటెక్ట్ జంపరో స్విచ్చో ఆన్‌లో ఉంటుంది. భద్రతా లూప్ అయితే అది కావాలనే పెట్టి ఉంటారు, అడగకుండా తీయొద్దు.

ఇక కమ్యూనికేటర్‌కి అంతటా దొరుకుతూ డీసీఎస్ స్క్రీన్‌లో మాత్రమే హార్ట్ డేటా రాకపోతే ఫీల్డ్‌కి వెళ్లడం దండగ. కార్డు హార్ట్ రకందేనా, ఆ ఛానెల్‌లో హార్ట్ ఎనేబుల్ చేశారా, మల్టిప్లెక్సర్ (చాలా లూప్‌ల హార్ట్ డేటాని ఒకే లైన్‌లోకి చేర్చే పరికరం) ఉంటే దాని ఆర్‌ఎస్ 485 లైన్ పనిచేస్తోందా అన్నవి ఇంజినీరింగ్ స్టేషన్ దగ్గరే తేలతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా దొరకకపోతే అప్పుడు ట్రాన్స్‌మిటర్‌ని విప్పి వర్క్‌షాప్‌కి తెండి. 24 వోల్టుల సప్లై, సిరీస్‌లో 250 ఓమ్, ట్రాన్స్‌మిటర్, అంతే, మధ్యలో ఇంకేమీ వద్దు. అక్కడ కూడా దొరకలేదంటే, తెలిసిన మంచి ట్రాన్స్‌మిటర్ ఒకటి అదే బెంచ్ మీద పెట్టి మీ కమ్యూనికేటర్, దాని తీగలు బాగున్నాయో లేదో చూడండి. ఆ క్లిప్ తీగలు లోపల తెగిపోయి బయటికి బాగున్నట్టే కనిపిస్తాయి. రెండోది దొరికి మొదటిది దొరకకపోతే అప్పుడు ఇండెంట్ రాయండి.

లూప్ బాగైన రోజే లూప్ ఫోల్డర్‌లో మూడు అంకెలు రాసి పెట్టండి: 4, 12, 20 మిల్లీ యాంప్‌ల దగ్గర ట్రాన్స్‌మిటర్ టెర్మినల్ వోల్టేజ్. కమ్యూనికేటర్‌లో లూప్ టెస్ట్‌తో ఆ కరెంట్లు పంపించొచ్చు, లూప్ అప్పటికి మాన్యువల్‌లోనే ఉంటుంది కాబట్టి పెద్ద పని కాదు. రెండేళ్ల తర్వాత ఇదే ట్యాగ్ మీద కంప్లైంట్ వస్తే, ఎవరు డ్యూటీలో ఉన్నా ఆ మూడు అంకెలతో పోల్చి ఎన్ని వోల్టులు పడిపోయాయో అక్కడికక్కడే చెప్పగలరు. తర్వాత లూప్ టెస్ట్ లోంచి బయటికి వచ్చి, కవర్ ఓ-రింగ్ చూసి గట్టిగా బిగించి, ఆపరేటర్‌తో రీడింగ్ సరిచూసుకుని బైపాస్ తీయించి, పర్మిట్ క్లోజ్ చేయండి.